కుందాకు అవిసెనూనె

పోలీస్ స్టేషన్‌లో తెల్ల పెయింటుతో రాసిన ముప్పై ఏడు నంబరు అంత తేలిగ్గా పోయేలా లేదు. మూడు పోయింది, ఏడు మిగిలింది. కోదండం గరుకు కాగితాన్ని మడిచి, అరిగిన వైపు లోపలికి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. మెట్ల కింద, నీళ్ళ మోటారు పక్కన, పాత న్యూస్ పేపర్లు పరుచుకుని కూర్చున్నాడు. ఒళ్ళో తుపాకీ కుందా, భుజానికి ఆన్చుకునే కట్టెభాగం. గొట్టాలూ ఇనప సామానూ ఊడదీసి లోపల ట్రంకుపెట్టెలో పెట్టాడు కాబట్టి ఇప్పుడది తుపాకీలా లేదు, ఎవరో సగం చెక్కి వదిలేసిన బొమ్మలా ఉంది. ఆదివారం మధ్యాహ్నం మూడు. భార్య కొమురమ్మ చంపాపేటలో చెల్లెలింటికి పోయింది, నాలుగింటికల్లా వస్తానంది. అంటే గంట ఉంది. ఈ గంటలో నంబరు చెరిపెయ్యాలి, ఒకదాని తర్వాత ఒకటి మూడు రకాల కాగితాలతో నునుపు తేవాలి, మొదటి పూత నూనె పట్టించాలి, ఆమె గేటు తీసుకుని లోపలికి రాగానే ఏమనాలో అదీ ఆలోచించుకోవాలి. నిన్న పగలు స్టేషన్‌లో ఆ కాగితం చూసినప్పటి నుంచీ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాడు, అన్నం తిన్నాడు, పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు, ఆమె ఉప్పు తెచ్చి వేసింది. అంతే.

కాగితం సంగతి తర్వాత, ముందు పని. కర్ర గీతల వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీరలు పడతాయి, కంటికి ఆనవుగానీ నూనె పెట్టాక కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆ మాట బెటాలియన్‌లో ఆయుధాలు బాగుచేసే గఢ్వాలీ హవల్దారు చెప్పాడు, కానీ కోదండానికి ఎవరూ చెప్పనక్కర్లేదు, చేనేత ఇంట పుట్టినవాడికి కర్రలో గీతలు పోగుల్లాగే కనిపిస్తాయి. నాయన పోచంపల్లిలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, తెగిన పోగుని చూడకుండానే వేలితో కనిపెట్టేవాడు. కొడుకు అదే గుంటలో రెండేళ్ళు కూర్చుని, మూడో ఏడు సికింద్రాబాద్‌లో మిలిటరీ భర్తీ జరుగుతోందని తెలిసి చెప్పకుండా పోయాడు. చెప్పకుండానే. నాయన మూడు నెలలు మాట్లాడలేదు, ఉత్తరం రాయించలేదు. మాట్లాడకపోవడం అప్పటినుంచే ఇంట్లో ఉన్న విద్య. పదిహేడేళ్ళ సర్వీసు, ఆ తర్వాత పెన్షన్, ఆ పెన్షన్ కాగితాలతో పాటే తుపాకీ లైసెన్సు. సైదాబాద్‌లో ఒక ముసలి వకీలు సాబ్ దగ్గర ఈ డబుల్ బ్యారెల్ కొన్నాడు, అక్రోటు కర్రతో చేసిన కుందా, ఎండలో పట్టుకుంటే లోపల తేనె కదిలినట్టు ఉండేది. సొంత తుపాకీ ఉన్న మాజీ సైనికుడంటే సెక్యూరిటీ ఏజెన్సీలు ఎగరేసుకుపోయే కాలం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బ్యాంకు తలుపు పక్కన స్టూలు, పదకొండేళ్ళు. డబ్బు కట్టడానికొచ్చే షాపువాళ్ళు నమస్తే సాబ్ అనేవారు. మేనేజర్లు మారేవారు, క్యాషియర్లు మారేవారు, కోదండం మారలేదు.

ఏడులో అడ్డగీత పోయింది. నిలువుగీత లోపలిదాకా దిగింది, పెయింటు కర్ర తాగేసింది. ఒక్కచోటే రుద్దితే గుంట పడుతుంది, చుట్టూ కలుపుకుంటూ రావాలి, అరచేతితో తడిమితే చుట్టూ ఎత్తూ మధ్యలో పల్లం తెలియకూడదు. స్టేషన్ వాళ్ళకేం తెలుసు. ఇరవై రెండు నెలలు తడిగోడకి ఆనించి పెట్టారు, మీద ఏవో సైకిళ్ళు పడేశారు, తెచ్చుకునేసరికి కుందా మీద ఆరు సొట్టలు, అంచున చెమ్మ నల్లగా ఎక్కింది. పొద్దున సొట్టల మీద తడిగుడ్డ పెట్టి కొమురమ్మ ఇస్త్రీ పెట్టెతో ఆవిరి పట్టించాడు. ఆవిరికి కర్ర ఉబ్బి సొట్టలు పైకొచ్చాయి, ఐదు వచ్చాయి, ఒకటి రాలేదు. ఆమె పక్కనే కూరగాయలు తరుగుతూ, "బట్టలకు మరకలంటుతయి, జర తుడిచి పెట్టు" అంది. అంత మామూలుగా. నిన్నటి దాకా అతనికి ఆ మామూలు అంటే ఇష్టం. యుద్ధం వస్తుందని అందరూ అంటున్న రోజుల్లో సెలవు దొరికి ఇంటికొస్తే కూడా ఆమె అంతే మామూలుగా, చేతులు కడుక్కో అనేది. ఆ మామూలు వెనక ఏం దాగుందో ఎవరికి తెలుసు. ఇప్పుడు వెనక్కి తిరిగి ప్రతి రోజునీ తడిమి చూసుకోవాలనిపిస్తోంది, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం.

స్టేషన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఎంత సంబరపడ్డాడు. జూలై ఆఖరున ఢిల్లీలో తెలంగాణ ఇస్తామని చెప్పారు, కొత్తపేట చౌరస్తాలో పటాకులు కాల్చారు, ఆ మూడో వారానికే, వచ్చి నీ వెపన్ తీసుకుపో అని ఫోన్. తెలంగాణ ఇస్తున్నారు కాబట్టి తుపాకీ కూడా ఇస్తున్నారనుకున్నాడు. ఏజెన్సీవాడు చూసి మొహం చిట్లించి, "గిట్లుంటె బ్యాంకోళ్ళు ఒప్పుకుంటరా, సాఫ్ చేస్కొని సోమవారం పదింటికి రా" అన్నాడు. ఎంత పొడి మాట, కానీ ఆ మాట కోసం రెండేళ్ళు ఎదురుచూశాడు. ఈ రెండేళ్ళూ కోచింగ్ సెంటర్ గేటు దగ్గర చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. సొంత తుపాకీ లేని గన్‌మన్‌ని ఇంకెక్కడ పెడతారు. పిల్లలు వాచ్‌మన్ అంకుల్ అని పిలిచేవారు, బండ్లు సరిగా పెట్టు అంకుల్, లిఫ్ట్ పనిచేస్తలేదు అంకుల్. తప్పేం కాదు, వాళ్ళు మంచి పిల్లలే. ఒకరోజు బ్యాంకుకొచ్చే షాపువాడొకడు కూతుర్ని దింపడానికి వచ్చి, గుర్తుపట్టి, నమస్తే సాబ్ అనబోయి చేతిలో కర్ర చూసి ఆగిపోయాడు. ఆ ఆగిపోయిన నమస్తేని ఎవరి ఖాతాలో వెయ్యాలో కోదండానికి అప్పుడు స్పష్టంగా తెలుసు. పై ఇంటాయన ఖాతాలో.

పై ఇంటాయన విశ్వేశ్వరరావు. ఇల్లు ఆయనదే, కింది వాటాలో వీళ్ళు పధ్నాలుగేళ్ళుగా కిరాయికి ఉంటున్నారు. తెనాలి వైపు నుంచి ముప్పై ఏళ్ళ కిందట వచ్చిన లెక్కల మాస్టారు. రిటైరయ్యాడు, భార్య పోయింది, మోకాలికి ఆపరేషన్ అయింది. కోదండం కొడుకు నరేష్‌కుమార్‌కి పదో తరగతి లెక్కలు ఆయనే చెప్పాడు, ఫీజు మాటెత్తితే, "మీవాడు తప్పు చేసినా దారి తెలిసే తప్పు చేస్తాడండీ, అలాంటివాడికి చెప్పడం సరదా" అనేవాడు. తలుపులు బిగుసుకుపోయినా, మంచం కోడు ఊగినా ఇద్దరూ కలిసి బాగుచేసేవాళ్ళు, ఇదే మెట్ల కింద. గరుకు కాగితం కావాల్సొచ్చి ఇతను రేగ్‌మాల్ ఇయ్యుండ్రి సార్ అంటే, ఆయన ఉప్పుకాగితం అనండీ, ఎంత ముద్దుగా ఉంటుందో అనేవాడు. ఉప్పేడుంది సార్ దీంట్ల అంటే నవ్వేవాడు. టీవీలో ఉద్యమం గురించి గొంతులు చించుకుంటున్న రోజుల్లో కూడా వాళ్ళిద్దరికీ తగువు ఆ మాట మీదే.

తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది, నలభై రోజులు. బస్సుల్లేవు, బళ్ళు లేవు. డిగ్రీ చివరి ఏడులో ఉన్న నరేష్ ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకోకి పోయాడు, లాఠీచార్జి అయింది, ఎడమ చెయ్యి విరిగి తలకి కుట్లు పడి దవాఖానలో చేరాడు. మర్నాడు సాయంత్రం కోదండం ఇంట్లో ఒక్కడే కూర్చుని తుపాకీ తుడుచుకున్నాడు. అది జ్ఞాపకమే. మనసు బాగుండనప్పుడు తుపాకీ తుడవడం పదిహేడేళ్ళ అలవాటు. ఆ మర్నాడు మధ్యాహ్నం ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి, శాంతిభద్రతల కోసం వెపన్ డిపాజిట్ చెయ్యాలె అన్నారు. కాలనీలో ఇంకో ఇద్దరికి లైసెన్సులున్నాయి, వాళ్ళనెందుకు అడగరు అన్నాడు. అందులో పెద్దవాడు గొంతు తగ్గించి, "నీ మీద పిటిషన్ ఉంది పెద్దమనిషీ, మీ బిల్డింగుల నుంచే" అన్నాడు. బిల్డింగ్‌లో ఉన్నవి రెండు వాటాలు. కిందిది నాది, పైది ఆయనది. లెక్కల మాస్టారు అక్కర్లేదు ఆ లెక్కకి. తెలంగాణోని చేతిలో తుపాకీ చూసి ఆంధ్రాయన భయపడ్డాడు. పన్నెండేళ్ళు ఒక్క మెట్లెక్కి దిగినవాడు, నా కొడుక్కి చదువు చెప్పినవాడు, తీరా సమయమొచ్చేసరికి నన్ను కాదు, నా ఊరిని చూశాడు. కోదండం పైకి వెళ్ళి అడగలేదు. అడగడమేమిటి, దగా చేసినవాణ్ణి. మాట్లాడటం మానేశాడు. నెల కిరాయి కొమురమ్మ చేత పంపేవాడు, మెట్ల మీద చప్పుడైతే లోపలికి పోయేవాడు.

పెయింటు పోయింది. ఇక సన్న కాగితం. దీనితో రుద్దితే చప్పుడు మారుతుంది, గర్‌గర్ పోయి శ్‌శ్ అని ఎవరో ఊరుకోబెడుతున్నట్టు. గోధుమరంగు పొడి ముక్కుకి ఎక్కుతోంది, చేదుగా, బాదం తొక్కలాగ. మాట్లాడటం మానెయ్యడం ఒక్కటే చేశానా. ఆ ప్రశ్న నిన్నటి నుంచి తిరుగుతోంది, దాన్ని తోసేస్తున్నాడు, అది మళ్ళీ వచ్చి కూర్చుంటోంది. చౌరస్తాలో రిలే దీక్షల టెంట్ కింద చాయ్ తాగుతూ చెప్పాడు కదా, మా ఇంటిమీది ఆంధ్రాయన నా మీద పిటిషన్ పెట్టిండని. చెప్పినవాడు ఒక్కడు, విన్నవాళ్ళు ఇరవైమంది. నాలుగు రోజులకి గేటు మీద నల్ల పెయింటుతో గో బ్యాక్ అని రాసి ఉంది. కోదండం రాయలేదు, రాసిందెవరో కూడా తెలియదు. పొద్దున్నే పై ఇంటి పెద్దాయన కిరసనాయిల్‌లో గుడ్డ ముంచుకుని, మోకాలు వంచలేక ఒక కాలు చాపి గేటు ముందు కూర్చుని ఒక్కొక్క అక్షరం తుడుస్తుంటే కిటికీలోంచి చూశాడు. పోయి సాయం పట్టాలని ఒక కాలు కదిలింది. పిటిషన్ రాసినప్పుడు తెలియదా అని ఇంకో కాలు ఆగింది. కర్టెన్ వదిలేశాడు. కొమురమ్మ వెనకే నిలబడి ఉంది. ఆమె మొహం అప్పుడు తెల్లబోయి ఉంది, ఆ తెల్లబోవడం పెద్దాయన మీద జాలి అనుకున్నాడు. ఆమే బకెట్టులో నీళ్ళు తీసుకుని బయటికి పోయింది, ఆయన పక్కన కూర్చుని తుడిచింది. ఆడమనిషి, మెత్తన అనుకున్నాడు. ఆ ఇద్దరూ అక్కడ తుడుస్తూ ఏం మాట్లాడుకుని ఉంటారు. ఇద్దరికీ తెలుసు, నాకొక్కడికే తెలియదు. నా ఇంటి ముందు, నా కళ్ళముందు.

నిన్న స్టేషన్‌లో రైటరు ఫైలు తెరిచి, తుపాకీ ముట్టినట్టు రాసి సంతకం చెయ్యమన్నాడు. సంతకానికి చోటు వెతుకుతూ పేజీ తిప్పాడు, ఆ పిటిషన్ కనబడింది. గుండ్రటి అక్షరాలు, నరేష్ లెక్కల నోటుబుక్కుల్లో ఎర్ర ఇంకుతో ఏళ్ళ తరబడి చూసిన అక్షరాలు. అనుకున్నట్టే ఉందని ఒక్క క్షణం తృప్తి కూడా కలిగింది, ఎంత సిగ్గుమాలిన తృప్తి. తర్వాత కన్ను కిందికి దిగింది. కింద సంతకం విశ్వేశ్వరరావుది కాదు. కొమురమ్మ. చివరి మ కింద ఒత్తు పక్కకి ఒరిగి, పడబోతున్న కుండలా ఉంది. ఆ ఒత్తు అతనికి తెలుసు. మిలిటరీ నుంచి ఇంటికొచ్చే డబ్బు బ్యాంకులో తీసుకోవాలంటే సంతకం కావాలని, సెలవులో వచ్చి పలక మీద తనే నేర్పాడు. పదిహేను రోజులు. అన్ని అక్షరాలూ నిలబడ్డాయి, ఆ ఒత్తొక్కటే ఒరిగింది, ఎంత దిద్దించినా ఒరిగింది, పోనీ నీ గుర్తు అదే అని నవ్వాడు. నేను నేర్పిన సంతకంతో నా మీదే రాసిచ్చింది. రైటరు, ఏమైంది పెద్దాయనా, అక్షరాలు కనబడటం లేదా అన్నాడు. షుగర్ సాబ్ అన్నాడు. షుగర్ లేదు.

తడిగుడ్డతో కుందా అంతా ఒకసారి తుడిచాడు. తడి తగిలితే అణిగిన నూగు లేస్తుంది, అది ఆరాక మరీ సన్న కాగితంతో కోసేస్తే ఇక లేవదు. పిట్టగోడ మీద ఎండ పడింది, పొద్దుటినుంచీ మబ్బే, ఇప్పుడే పడింది. కుందాని అక్కడ పెట్టి నడుము నిటారు చేశాడు. మెట్ల మీద చేతికర్ర చప్పుడు. ఒక్కో మెట్టుకీ రెండుసార్లు, ముందు కర్ర, తర్వాత కాలు. లోపలికి పోవడానికి లేచాడు, అలవాటు. పోలేదు. విశ్వేశ్వరరావు చివరి మెట్టు దిగి, ఈ రెండేళ్ళ అలవాటు ప్రకారం తనూ ఇటు చూడకుండా గేటు వైపు తిరిగాడు.

"సార్" అన్నాడు కోదండం.

పెద్దాయన ఆగాడు. "నన్నేనాండీ?"

"నిన్న స్టేషన్ల కాయితం చూసిన. రాసింది మీరే."

"నేనే రాశానండీ."

"దస్కతు ఆమెది."

"అవును. ఆవిడ చెప్పారు, నేను రాశాను. ఎందుకో ఆవిణ్ణే అడగండి. నేను చెప్పనని మాటిచ్చాను."

"ఇర్వై రెండు నెలలు సార్. ఒక్కమాట చెప్తె ఏం పోతుండె?"

"ఒక్కమాట మీరూ అడగలేదు కదండీ" అన్నాడు ఆయన. కోపంగా కాదు, బోర్డు మీద పిల్లవాడు మధ్యలో వదిలేసిన మెట్టు చూపిస్తున్నట్టు అన్నాడు. "అడిగుంటే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలీదు. మాట తప్పేవాణ్ణేమో. రోజూ కాసేపు అనుకునేవాణ్ణి, ఇవాళ అడుగుతారు అని. గేటు తుడిచిన రోజు కిటికీలో మీరున్నారు, నాకు తెలుసు. ఆ రోజైనా అడుగుతారనుకున్నాను." పిట్టగోడ మీది కుందా వైపు చూశాడు. "ఆ అంచు దగ్గర ఉప్పుకాగితం ఇంకొంచెం సన్నది వాడండి. అక్కడ చెమ్మ ఎక్కింది." గేటు తీసుకుని మందుల షాపు వైపు నడిచాడు.

కోదండం అంచు దగ్గర ఇంకొంచెం సన్న కాగితం వాడాడు. చెయ్యి తన పని తను చేస్తోంది, లోపల మాత్రం కోపం ఎక్కడ నిలబడాలో తెలియక తిరుగుతోంది. రెండేళ్ళు దానికో ఇల్లుండేది, మేడ మీద ఇల్లు. ఇప్పుడు ఆ ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఇంక మిగిలింది కింది వాటా. సొంత ఇంట్లో, సొంత మంచం మీద, పక్కన పడుకున్న మనిషి. గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడి కాళ్ళు వాచి ఇంటికొస్తే వేడినీళ్ళల్లో ఉప్పేసి కాళ్ళు పెట్టమనేది ఆమే. పై ఇంటాయన్ని తిడుతుంటే ఏమీ అనకుండా వినేది ఆమే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఇడిచిపెట్టరాదు, ముసలాయన" అంది. ఎందుకు చేసిందో ఊహించలేడా. నరేష్ గురించే. ఆ రోజుల్లో పేపరు తెరిస్తే చాలు, తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న ఏదో పిల్లవాడు, ఏదో ఊళ్ళో ఏదో తల్లి కడుపుకోత. దవాఖానలో కొడుకు గోడవైపు తిరిగి పడుకున్నాడు, పలకరిస్తే పలకలేదు. ఇంట్లో తుపాకీ ఉంది. తల్లికి భయమేసింది. సరే. భయమేస్తే నాతో చెప్పొద్దా. నా కొడుకు కాదా. నేను దాన్ని తీసుకుపోయి బ్యాంకు లాకర్‌లో పెట్టేవాణ్ణి, ఊళ్ళో అన్న ఇంట్లో పెట్టేవాణ్ణి. నన్ను దాటి మెట్లెక్కి పైకి పోయింది. నన్ను నమ్మలేదు.

అవిసెనూనె సీసా మూత తీశాడు. వాసన రాగానే బ్యారక్స్, వరసగా కూర్చుని రైఫిళ్ళకి నూనె రాస్తున్న ఇరవై ఏళ్ళ మొహాలు, వాళ్ళ పాటలు. అరచేతిలో కొంచెం పోసుకుని రెండు చేతులూ రుద్ది, వేడెక్కాక కర్ర మీద పెట్టాడు. గుడ్డతో కాదు, చేత్తోనే, చేతి వేడికే నూనె లోపలికి దిగుతుంది. అరచెయ్యి వెళ్ళినంత మేరా బూడిదరంగు పోయి లోపలి ఎరుపు పైకొచ్చింది, నల్ల గీతలు అలల్లా ఒకదానివెనక ఒకటి విచ్చుకున్నాయి. ముప్పై ఏడు ఎక్కడుందో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక్క నిమిషం అన్నీ మర్చిపోయాడు. అప్పుడే గేటు చప్పుడైంది.

కొమురమ్మ సంచీ మెట్టు మీద పెట్టింది, కొంగుతో మొహం తుడుచుకుంది. "మంచిగైందే" అంది కుందాని చూసి.

"కొమ్రా, నీ దస్కతు చూసిన."

ఆమె సంచీ పక్కనే కూర్చుంది. ఏ దస్కతు అని అడగలేదు. "సారు చెప్పిండా?"

"సారు చెప్పలే. కాయితమే చెప్పింది." చేతులు ఆపలేదు. మాటలు నిన్నటినుంచి వరసగా పేర్చి పెట్టుకున్నవి, ఇప్పుడు అన్నీ ఒక్కసారే వచ్చాయి. "పోరని గురించి భయపడ్డవ్, నాకెర్కైంది. ఆడు చేతులకు తీస్కుంటడేమో అనుకున్నవ్. తల్లివి, తప్పు లేదు. కని నాకు చెప్పొద్దా? నేనేమన్న పరాయోన్నా? గా సారును బద్నాం జేస్తి, గా నౌకరి పోగొట్టుకుంటి, రెండేండ్లు కట్టె వట్టుకొని నిలవడితి. అన్ని చూస్కుంట ఎట్లున్నవే నువ్వు?"

"ఆని గురించి కాదు" అంది కొమురమ్మ.

"మల్ల?"

"ఆడు చెయ్యిరిగి దవాఖానల పడున్నడు. ఆడేం జేస్తడు. నీ గురించే."

కోదండం చేతులు ఆగాయి. "నేనేం జేసిన? తుపాకి తుడుస్తున్న ఆనాడు."

"తుడిచెటోనికి తూటాలెందుకు?"

మామూలుగానే అంది. కూరకి ఉప్పెందుకు అన్నంత మామూలుగా. "చీకట్ల కూసున్నవ్. నేను దీపం వట్టుకొనొస్తె రెండు తూటాలు వెట్టి మూసినవ్. టక్కుమన్నది. ఆ సప్పుడు నాకెర్కలేదా? అన్నం తింటవా అంటె తలకాయ ఎత్తలే. నువ్వు లేచి పోకుండ నేను గడపల కూసున్న. నువ్వు నడుం వాల్చినంక నేనే తీసిన ఆ రెండు, సారు చేతిల వెట్టిన. పిటిషన్ రాయుమన్న."

కరెంటు లేదు ఆ సాయంత్రం. సింగరేణిలో బొగ్గు తవ్వడం లేదు, ఊరంతా కోతలు, వీధిలో పిల్లల గొంతులు చీకట్లో ఎక్కడినుంచో వస్తున్నాయి. తలుపుకి ఎదురుగా కుర్చీ. చేతిలో గుడ్డ ఉందని రెండేళ్ళుగా జ్ఞాపకం, పసుపుపచ్చ గుడ్డ, నూనె మరకలది. లేదు. గుడ్డ లేదు. ఆ రోజు పగలు దవాఖాన నుంచి సరాసరి స్టేషన్‌కి పోయాడు, వేరే స్టేషన్, కొడుకుని కొట్టినవాళ్ళది. చొక్కాకి మెడల్ రిబ్బన్లు తగిలించుకుని పోయాడు. యూనిఫాం వేసినవాడు యూనిఫాం వేసినవాడి మాట వింటాడనుకున్నాడు, పదిహేడేళ్ళు అలా అనుకునే బతికాడు. బల్ల వెనక సబ్ ఇన్‌స్పెక్టర్, నరేష్ కంటే నాలుగేళ్ళు పెద్ద ఉంటాడేమో, రిబ్బన్ల వైపు చూసి, ఇవి ఏ షాపుల కొన్నవ్ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కూర్చోమన్నాడు, కుర్చీలో కాదు. రెండు గంటలు గోడవారన, విడిచిన బూట్ల పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాడు, అదే ఆశ్చర్యం, లేచి పోవచ్చు కదా, కూర్చున్నాడు. ఇంటికొచ్చి రిబ్బన్లు తీసి జేబులో వేసుకుని, తుపాకీ దించి, రెండు తూటాలు పెట్టాడు. తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ కుర్ర సబ్ ఇన్‌స్పెక్టర్ రొమ్ము మీది పేరుపట్టీ ఒక్కటే కళ్ళముందు, తెల్ల అక్షరాలు. పోవాలా, ఇక్కడే అయిపోవాలా, రెండిట్లో ఏదో ఒకటి, ఏదన్నది ఇంకా తేలలేదు, అంతే. గడపలో ఎవరో కూర్చున్నారు, నల్లగా, ముద్దగా. అడ్డం అనుకున్నాడు. ఆమె అని గుర్తుంది, ఏడుస్తోందో లేదో గుర్తులేదు.

ఇదంతా ఎక్కడ పోయింది ఇన్నాళ్ళూ. ఆ కుర్రాడి మొహం ఎక్కడ పోయింది. అతని చోట పై ఇంటాయన మొహం వచ్చి ఎప్పుడు కూర్చుంది.

"అడగొద్దా నన్ను" అన్నాడు.

"అడిగితె ఇస్తుంటివా?"

కోదండం నూనె సీసాకి మూత బిగించాడు.

"మొన్న నేనే మల్ల పోయి రాసిచ్చిన" అంది కొమురమ్మ. "నా మొగనికిప్పుడు మంచిగుంది, ఆయిన తుపాకి ఆయినకు ఇయ్యుండ్రి అని. గదీ సారే రాసిండు. గేటుకాడ నువ్వు కట్టె వట్టుకొని నిలవడుడు చూడలేకపోయిన."

అయితే తెలంగాణ ఇచ్చారని కాదు. ఆ ఫోన్ కూడా ఆమే చేయించింది. తీసుకోవడం ఆమె, ఇప్పించడం ఆమె. పిల్లవాడి చేతిలోంచి కత్తిపీట లాక్కుని అటక మీద పెట్టి, బుద్ధొచ్చిందనుకున్నాక దించినట్టు. రెండుసార్లూ సంతకం పెట్టింది, రెండుసార్లూ పైకి పోయింది, కింద ఉన్న మనిషిని రెండుసార్లూ అడగలేదు. ప్రాణం కాపాడిందని తెలుస్తూనే ఉంది. తనదో, ఆ కుర్రాడిదో. అది తెలిసినకొద్దీ మంట తగ్గాలి, తగ్గడం లేదు. తనని తను చూసుకోనివ్వలేదు ఆమె, తన చీకటిని తీసుకుపోయి వేరే ఇంట్లో దాచింది, రెండేళ్ళు తను మంచివాడిలా తిట్టుకుంటూ తిరిగాడు. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు, కోపం సగం దాకా వచ్చి, గడపలో ముద్దగా కూర్చున్న ఆ నలుపు దగ్గర ఆగిపోయింది.

నూనె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలో పట్టుకుని కూర్చున్నాడు. కొమురమ్మ లేచి, సంచీ అందుకుని, లోపలికి పోబోయి తలుపు దగ్గర నిలబడింది. ఎండ మళ్ళీ మబ్బులోకి పోయింది.

"రేపు పోతవా బ్యాంకుకు?" అంది.

అడిగింది. చెప్పడం కాదు, అడగడమే, గొంతు చివర పైకి లేచింది, జవాబు కోసం నిలబడింది. అతను కుందా వైపు చూశాడు. కాలనీలోకి ఏదో ఆటో వచ్చి పోయింది. ఆమె ఇంకా నిలబడే ఉంది. పోతానని చెప్పడానికి నోరు తెరిచాడు, ఆ తలుపు పక్కన స్టూలు, భుజానికి బరువు, లోపల రెండు తూటాలు పెట్టి మూసినప్పటి టక్. ఆ చప్పుడు ఈసారి అతనికీ వినిపించింది.

వేలితో కర్రని ముట్టుకున్నాడు. వేలు జారింది.

"నూనె ఇంక ఆరలే" అన్నాడు.

"ఎన్ని రోజులు పడ్తది?"

"ఏమో. చెప్పలేను."